గోడ మీది పాచి, ఎడారిలో ఎలుక, దిల్‌సుఖ్‌నగర్‌లో మేము

ఏప్రిల్లో ఒక ఆదివారం. మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద అసోసియేషన్ మీటింగ్. మేముండేది కొత్తపేట, అంటే దిల్‌సుఖ్‌నగర్‌కీ ఎల్బీనగర్‌కీ మధ్య. ఎజెండా ఎప్పటిలాగే ఒకటే ఐటమ్: నీళ్ళు. బోరు సగం ఎండిపోయింది, ట్యాంకర్ల బిల్లు నెలనెలా పెరుగుతోంది. ఇంకా లోతుగా కొత్త బోరు వేద్దామని ఒక పార్టీ. ఉన్న నీళ్ళని పొదుపుగా వాడుకుందాం, ఫ్లాటుకో మీటర్ పెడదాం, ఇంకుడు గుంత తవ్విద్దాం అని ఇంకో పార్టీ. నేనెటూ తేల్చుకోలేక, మన కులధర్మం ప్రకారం ఫోన్లో మెయిల్ చూసుకుంటున్నట్టు నటిస్తున్నా.

మా కింది ఫ్లాటు అక్కయ్యగారి అబ్బాయి, ఇంటర్ సెకండియర్, పిట్టగోడ మీద నల్లగా ఎండి అట్టకట్టిన పాచిని గోరుతో గీకుతూ కూర్చున్నాడు. ఏం తోచిందో, చేతిలో ఉన్న బాటిల్లో మిగిలిన గుక్కెడు నీళ్ళు దాని మీద పోశాడు. బోరు గురించి వాదన ఇంకా తెగకముందే ఆ నల్లటి అట్ట విచ్చుకుని పచ్చగా అయిపోయింది. "అంకుల్, ఇది చచ్చిపోలేదా?" అన్నాడు నా దగ్గరికొచ్చి. నేను నీళ్ళు నమిలాను. అంతటితో వదల్లేదు వాడు. "ఎడారిలో ఒక ఎలుక ఉంటుందంట, జన్మలో నీళ్ళే తాగదంట, వీడియో చూశా. మరి ఈ రెండిట్లో ఎవరు గ్రేట్?"

నేను ఎంపీసీ. పాచికీ నాకూ ఉన్న సంబంధమల్లా బాత్రూమ్‌లో జారిపడటం వరకే. కానీ ప్రశ్న నన్ను వదల్లేదు. నెల రోజులు దొరికినవన్నీ చదివాను. చదువుతుంటే ఎక్కడెక్కడివో గుర్తొచ్చాయి. ముఖ్యంగా 2002 నాటి మా రూము. అవన్నీ కలిపి రాసుకున్నదే ఇది. కాస్త పొడుగైంది, ఓపిక చేసుకోండి.

ముందు పాచి సంగతి

మనం పాచి, నాచు అనే మాటల్ని ఒకదాని బదులు ఒకటి వాడేస్తాం. బావి మెట్ల మీద జిగటగా ఉండి జార్చేది ఎక్కువగా ఆల్గే. గోడ మీద మఖమల్ గుడ్డ పరిచినట్టుండి, దగ్గరగా చూస్తే బుజ్జి బుజ్జి ఆకులు కనపడేది మాస్. బైపీసీ వాళ్ళు ఫ్యునేరియా అని బొమ్మ గీసి మార్కులు కొట్టేసేవారే, ఆ కుటుంబం. మన ఊళ్ళ గోడల మీద తరచుగా కనపడే ఒక రకం పేరు హయోఫిలా ఇన్వొల్యూటా. ఎండితే దాని ఆకుల అంచులు లోపలికి చుట్టుకుపోతాయి, తడి తగిలితే విచ్చుకుంటాయి. మా వాడు చూసింది అలాంటిదే.

మాస్‌కి నిజమైన వేర్లు ఉండవు. లోపల నీళ్ళు దాచుకునే ట్యాంకూ లేదు, బయటికి పోకుండా ఆపే వాల్వూ లేదు. గాలి తడిగా ఉంటే తడిగా ఉంటుంది, పొడిగా ఉంటే ఎండిపోతుంది. వాతావరణంతో పోట్లాట పెట్టుకోదు.

ఇలా ఎండి మళ్ళీ లేచేవాటి మీద మనుషులు కొట్టుకున్న చరిత్ర మూడు వందల ఏళ్ళ పైమాటే. 1702లో హాలండ్‌లోని డెల్ఫ్ట్ ఊళ్ళో లీవెన్‌హోక్ తన ఇంటి చూరు కాలువలో ఎండిపోయిన మట్టి తీసి, నీళ్ళు పోసి, తను తయారుచేసుకున్న భూతద్దంలోంచి చూశాడు. గంట తిరిగేసరికి అందులో సూక్ష్మజీవులు ఈదుతున్నాయి. నెలల తరబడి ఎండిన మట్టితోనూ అదే ఫలితం. చచ్చినవి బతికాయా? లేక అసలు చావలేదా? ఈ గొడవ ముదిరి ముదిరి 1860 నాటికి పారిస్‌లో ఒక కమిషన్ దాకా వెళ్ళింది. ఇళ్ళ కప్పుల మీద పెరిగే మాస్‌లో ఉండే జీవుల్ని ఎండబెట్టి, వేడిచేసి, మళ్ళీ తడిపి చూశారు. నివేదిక రాసింది బ్రోకా. మెదడులో మాటకి సంబంధించిన భాగానికి ఆయన పేరే ఉంది, ఆ బ్రోకానే. చేతనైనంత మేర పూర్తిగా ఎండబెట్టినా కొన్ని జీవులు తిరిగి లేస్తాయని తేల్చారు. 1959లో డేవిడ్ కీలిన్ ఈ స్థితికి క్రిప్టోబయోసిస్ అని పేరు పెట్టాడు. గుప్త జీవనం అనుకోవచ్చు.

మన భాషలో చెప్పాలంటే ఇది హైబర్నేట్ మోడ్. స్లీప్ మోడ్ కాదు సుమా. స్లీప్‌లో కాస్తో కూస్తో కరెంటు పోతూనే ఉంటుంది. ఇక్కడ ప్లగ్గే పీకేశారు.

ఇక ఎలుక

1940ల చివర్లో నార్వే నుంచి వచ్చిన కనూట్ ష్మిట్ నీల్సన్, ఆయన భార్య బోడిల్ (1920లో నోబెల్ అందుకున్న ఆగస్ట్ క్రోగ్ కూతురు) అమెరికాలో అరిజోనా ఎడారికి వెళ్ళి కంగారూ ఎలుక వెంట పడ్డారు. అది నీళ్ళు తాగకుండా ఎలా బతుకుతుంది? ఒంట్లో ఎక్కడో దాచుకుంటోందా? వారాల తరబడి చుక్క నీరివ్వకుండా ఎండు బార్లీ గింజలు మాత్రమే పెట్టి చూశారు. ఒంట్లో నీటి శాతం మారలేదు. అంటే దాచుకున్నది వాడటం లేదు, రోజు ఖర్చు రోజు సంపాదిస్తోంది.

ఎక్కణ్ణుంచి? తిండి నుంచి. గింజలోని పిండి పదార్థం ఒంట్లో ఆక్సిజన్‌తో కలిసి శక్తిగా మారేటప్పుడు నీళ్ళు కూడా పుడతాయి. గ్రాము పిండికి సుమారు 0.6 గ్రాము, గ్రాము కొవ్వుకి సుమారు 1.1 గ్రాములు. మనకీ పుడతాయి, కానీ మన దుబారాకి అవి ఏ మూలకి!

ష్మిట్ నీల్సన్ వేసిన లెక్క చూస్తే నాకు మా ప్రాజెక్టు మేనేజర్ ఎక్సెల్ షీట్ గుర్తొచ్చింది. 100 గ్రాముల బార్లీ తింటే ఒంట్లో పుట్టే నీరు 54 మిల్లీలీటర్లు, గింజలో ముందే ఉన్న తేమ 6. మొత్తం రాబడి 60. ఖర్చు: మూత్రం 13.5, పేడ 2.6, ఊపిరితోనూ చర్మం మీదుగానూ ఆవిరై పోయేది 43.9. కూడి చూడండి, సరిగ్గా 60. పైసా అప్పు లేదు, పైసా మిగులు లేదు.

ఆ ఖర్చుని అంతలో ఉంచడానికి అది పడే పాట్లు అన్నీ ఇన్నీ కావు. పగలు ఎండకి బయటికి రాదు, బొరియలో తేమగా ఉంటుంది కాబట్టి అక్కడే ఉంటుంది. చెమట పట్టదు. ముక్కు సన్నగా, చల్లగా ఉంటుంది. బయటికి వదిలే ఊపిరి ఆ ముక్కులోనే చల్లబడి, అందులోని తేమలో కొంత అక్కడే మిగిలిపోతుంది. మూత్రం మనిషి చేయగలిగిన దానికంటే దాదాపు నాలుగు రెట్లు చిక్కగా పోస్తుంది. ఆ దంపతులు ఒక తమాషా పరీక్ష కూడా చేశారు. సోయా గింజల్లో మాంసకృత్తులు ఎక్కువ, అవి తింటే యూరియా బయటికి పంపడానికి నీళ్ళు కావాలి. అలా బలవంతాన దాహం పుట్టించి, తాగడానికి సముద్రపు నీళ్ళు పెట్టారు. తాగి బతికింది! మనం తాగితే ఇంకా ఎండిపోయి పోతాం.

హైబర్నేట్ కాదిది. సర్వర్ ఒక్క క్షణం కూడా డౌన్ అవదు, కానీ ప్రతి వాటుకీ లెక్క ఉంటుంది.

మన వాళ్ళ వైపు నుంచి

ఇదంతా అరిజోనా కథ, మనకేంటి అంటారా? ఉంది. మన థార్ ఎడారిలో కూడా ఒక ఎలుక ఉంది, మెరియోనెస్ హర్రియానే. కంగారూ ఎలుకలా రాత్రిళ్ళు కాదు, ఇది పగలే తిరుగుతుంది. గింజలతో పాటు ఆకులూ వేర్లూ కూడా తిని తేమ సంపాదిస్తుంది. 1959లో కాజ్రీగా రూపు దిద్దుకున్న జోధ్‌పూర్ సంస్థలో ఈశ్వర్ ప్రకాశ్, పులక్ ఘోష్ లాంటి వాళ్ళు దీని మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. హర్యానా పేరు మీదుగా దానికి ఆ పేరు పెట్టినాయన థామస్ జెర్డాన్, 1867లో, తన క్షీరదాల పుస్తకంలో.

జెర్డాన్ ఎవరో కాదు, ఒకప్పటి మన నెల్లూరు డాక్టరుగారు. 1840లలో అక్కడ సివిల్ సర్జన్. యానాదుల సాయంతో పిట్టల సంగతులు, వాటి స్థానిక పేర్లు సేకరించేవాడు. అందరూ అంతరించిందనుకుని 1986లో కడప జిల్లాలో మళ్ళీ కనపడిన కలివికోడికి ఇంగ్లీషులో ఉన్నది ఆయన పేరే.

ఇంకో పెద్దాయన వాల్టర్ ఇలియట్. 1845లో అమరావతి స్తూపం శిల్పాల్ని తవ్వించి మద్రాసుకి తరలించింది ఈయనే. దానికి ముందు ధార్వాడ వైపు పనిచేస్తూ 1839లో అక్కడి జంతువుల మీద ఒక జాబితా అచ్చువేశాడు. అందులో పొలాల్లో తిరిగే మెత్తటి బొచ్చు ఎలుక ఒకటుంది. వడ్డెర్లు దాన్ని 'మెత్తడె' అంటారని రాశాడు. వడ్డెర్ల మాట తెలుగు యాసే కదా, నాకైతే అందులో మన 'మెత్తన' వినపడింది. శాస్త్రీయ నామంలో అది మెల్టాడా అయి కూర్చుంది, స్పెల్లింగ్ మిస్టేకు ప్రొడక్షన్లోకి వెళ్ళిపోయినట్టు :)

ఇలియట్ చెప్పిన కథ వినండి. ఈ మెత్తడె ఎలుకలు ఎండాకాలం నల్లరేగడి నేల బీటల్లో కాపురం పెడతాయి. వానలు పడగానే బీటలు నీళ్ళతో పూడిపోయి లెక్కలేనన్ని చచ్చిపోతాయి. 1826లో వానలు సరిగ్గా పడలేదు. బీటలు మూసుకోలేదు. ఎలుకలన్నీ బతికిపోయాయి. చల్లిన విత్తనం దగ్గర్నుంచి చేను దాకా ఊడ్చిపెట్టాయి. రైతులు వడ్డెర్లని పిలిచి, డజన్లకి ఇంత ధాన్యం అని కొలిచి ఇచ్చి, వేలకు వేలు చంపించారట.

పాచికి వాన ప్రాణం. ఈ ఎలుకకి వానే యముడు. కరువుకి తగ్గట్టు ఇల్లు కట్టుకున్నవాడికి వరద వస్తే ఏమవుతుందో ఇక్కడే ఉంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఎడారి పాచి: ఎంత ఎండినా పరవాలేదు, కానీ...

ఇక పాచిలో మహానుభావుడు సింట్రికియా కానినెర్విస్. చైనాలో షింజియాంగ్ వైపు గుర్బాన్‌తుంగుట్ ఎడారి నుంచి అమెరికా మొహావి దాకా నేల మీద నల్లటి పొరలా పరుచుకుని ఉంటుంది. ఆకు చివర తెల్లటి వెంట్రుక లాంటి మొన ఉంటుంది. గాలిలోని మంచునీ తేమనీ పట్టి, చుక్క చేసి, ఆకు వైపు పంపుతుంది ఆ మొన. ఆ సంగతి 2016లో తేల్చారు. 2024లో చైనా శాస్త్రవేత్తలు దాన్ని పెట్టని హింస లేదు. ఒంట్లో 98 శాతం పైగా నీరు తీసేశారు, మళ్ళీ తడిపిన సెకన్లలో తేరుకోవడం మొదలెట్టింది. మైనస్ 80 డిగ్రీల దగ్గర 5 ఏళ్ళు పెట్టారు. మైనస్ 196 దగ్గర ద్రవ నైట్రోజన్లో 30 రోజులు ముంచారు. మనుషుల్ని చంపడానికి అవసరమైన దానికన్నా ఎన్నో రెట్లు రేడియేషన్ కొట్టారు. అంగారకుడి మీద ఉండే పరిస్థితులు సృష్టించి వారం ఉంచారు. అన్నిట్లోంచీ లేచి వచ్చింది.

ఇక్కడ నేను కూడా "పాచి గ్రేట్, కేస్ క్లోజ్" అనేద్దామనుకున్నా. అంతలో 2012 నాటి ఇంకో పరిశోధన కంటపడింది.

అమెరికాలో కొలరాడో పీఠభూమి మీద కొందరు శాస్త్రవేత్తలు వాతావరణ మార్పు ఎలా ఉంటుందో చూద్దామని నేలకి రెండు రకాల మార్పులు చేశారు. ఒకటి, కాస్త వేడి పెంచటం. రెండోది, ఎండాకాలం మాటిమాటికీ చిన్న చినుకులు చల్లటం, ఒక్కోసారికి 1.2 మిల్లీమీటర్లు. వేడికి పాచి పెద్దగా చలించలేదు. ఆ చినుకులకి మాత్రం ఒక్క సీజన్లో నేల మీద 25 శాతం ఉన్న పాచి 2 శాతం లోపుకి పడిపోయింది.

నీళ్ళిస్తే చచ్చిపోయింది! ఎందుకంటే, ఎండిన పాచి లేవగానే ముందు చేసేది రిపేరు. చిరిగిన పొరలు కుట్టుకోవాలి, పాడైన ప్రోటీన్లు మార్చుకోవాలి. ఇదంతా దాచుకున్న సరుకులోంచే. రిపేరు అయ్యాకే కిరణజన్య సంయోగక్రియ ఊపందుకుని సంపాదన మొదలవుతుంది. మంచి వాన పడితే రోజంతా తడి ఉంటుంది, పెట్టిన ఖర్చు పోను మిగులుతుంది. 1.2 మిల్లీమీటర్ల చినుకు ఎండకి ఇట్టే ఆరిపోతుంది. బూట్ అయ్యేలోపు కరెంటు పోయింది. మళ్ళీ చినుకు, మళ్ళీ బూట్, మళ్ళీ కరెంటు పోయింది. ప్రతిసారీ లోపలి సరుకు తరుగుతుంది. చివరికి లేవడానికి కూడా ఏమీ మిగలదు.

ఏళ్ళ తరబడి నీళ్ళు లేకపోయినా చావనిది, అరకొర నీళ్ళతో చచ్చింది. ఇది చదివిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. కారణం చెప్తాను.

2002, దిల్‌సుఖ్‌నగర్

మేం ఇంజనీరింగ్ పూర్తిచేసి బయటికొచ్చింది 2001లో. అమెరికాలో డాట్‌కామ్ బుడగ పేలిన మరుసటి ఏడాది. సైబర్ టవర్స్ ఓపెనింగ్ 1998లో కాలేజీ హాస్టల్ టీవీలో చూసి, మనదే రాజ్యం అనుకున్నవాళ్ళం. తీరా వచ్చేసరికి రాజ్యం తలుపులు మూసేశారు. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో నలుగురం ఒక రూము. గోడ నిండా జావా, ఒరాకిల్ పాంప్లెట్లు. ఇంటావిడ పొద్దున అరగంట మోటరు వేసేవారు, ఆ అరగంటలో నలుగురి స్నానాలు, బట్టలు, బిందెలు. 2002లో దేశమంతా కరువు. ఆకాశంలో వాన లేదు, క్యాంపుల్లో ఉద్యోగం లేదు, కుళాయిలో నీళ్ళు లేవు.

పేర్లెందుకు, రూముల్లో పిలుచుకున్నట్టే ఊళ్ళ పేర్లతో చెప్తా.

మిర్యాలగూడ వాడు ఎలుక. ఊరెళ్ళనన్నాడు. పొద్దున కర్రీ పాయింట్లో ఒక కూర తెచ్చి రెండు పూటలకి పంచుకునేవాడు. ఎండ తగ్గాకే బయటికెళ్ళేవాడు, బస్సు దండగని నడిచేవాడు. సందులో పిల్లలకి సి లాంగ్వేజ్ ట్యూషన్ చెప్పి, ఆ డబ్బు ఆ నెలకి సరిగ్గా సరిపెట్టేవాడు. అప్పు లేదు, మిగులు లేదు. 2003 చివర్లో వాడికి ఉద్యోగం వచ్చింది.

ఒంగోలు వాడు పాచి. ఆర్నెల్లు చూసి, పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. వాళ్ళ నాన్న కిరాణా కొట్లో కూర్చున్నాడు. కంప్యూటర్ మాటే ఎత్తలేదు. మేం పిరికివాడన్నాం. 2004లో మార్కెట్ లేచిందని పేపర్లో చదివి నింపాదిగా తిరిగొచ్చాడు, రెండు నెలల్లో ఆఫర్ కొట్టాడు. ఇప్పుడు డాలస్‌లో ఉన్నాడు.

ఇక మూడోవాడు, కల్వకుర్తి వాడు. నిజానికి మా నలుగురిలో కోడ్ బాగా రాసేది వాడే. వాడు కూడా ఊరెళ్ళిపోయాడు, నాన్నకి వ్యవసాయంలో సాయంగా. అక్కడే ఉంటే ఒంగోలు వాడిలాగే లేచేవాడేమో. కానీ ఉండనివ్వలేదు. ఎవరంటారా? నేనే.

నాకు అప్పటికే చిన్న కంపెనీలో చిన్న ఉద్యోగం దొరికింది. నాకు దొరికింది కాబట్టి వాడికీ దొరకాలని నా తాపత్రయం. రెండు వారాలకోసారి ఎక్కడో ఓపెనింగ్ ఉందని వినేవాణ్ణి. వాళ్ళ పక్కింటి ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేసి పిలిపించి, "రారా, ఈసారి పక్కా" అనేవాణ్ణి. వాడు చేతిలో పని వదిలి, ఎవరి దగ్గరో నాలుగొందలు అడిగి, చొక్కా ఇస్త్రీ చేయించుకుని, రాత్రంతా చదివి, బస్సెక్కి వచ్చేవాడు. రాత పరీక్ష, గ్రూప్ డిస్కషన్, "మేమే కబురు చేస్తాం". మళ్ళీ బస్సు. పద్నాలుగుసార్లో పదిహేనుసార్లో. ఒక్కోసారికి డబ్బే కాదు, ఇంట్లో పరువూ తరిగేది. వాళ్ళ నాన్న మొదట్లో బస్టాండు దాకా వచ్చి ఎక్కించేవాడు. చివర్లో తలెత్తి చూసేవాడు కాదట.

2003 ఎండాకాలంలో నేను ఫోన్ చేస్తే, "ఇగ నేను రాను, నాకు ఫోన్ చెయ్యకు" అన్నాడు. ఏడాది తిరక్కుండా కంపెనీలు వాకిన్‌లు పెట్టి మరీ పిలిచాయి. మంచి వాన పడింది. వాడు లేవలేదు. సర్టిఫికెట్లు ఎక్కడ పెట్టాడో కూడా వెతకలేదు.

ఇన్నేళ్ళూ నేను వాడికి మేలే చేశాననుకున్నా. 1.2 మిల్లీమీటర్ల లెక్క చదివేదాకా.

మన ఊరు ఏ జాతి?

కాస్త ఊపిరి పీల్చుకుని, మళ్ళీ మా టెర్రస్ మీటింగ్‌కి వద్దాం.

మా పక్కనే సరూర్‌నగర్ చెరువు, 1626 నాటిది. దక్కన్ చెరువు అసలు స్వభావం పాచి లాంటిదే. వానాకాలం నిండుతుంది, ఎండాకాలం బీటలు వారుతుంది, మళ్ళీ నిండుతుంది. ఎండినప్పుడు చచ్చిపోయినట్టు కనపడుతుంది, అంతే. మనం దాన్ని చచ్చిపోయిందనే అనుకున్నాం. ఎండిన శిఖం భూముల్లో, నీళ్ళొచ్చే దారుల్లో కాలనీలు కట్టేశాం. అచ్చం మెత్తడె ఎలుక రేగడి బీటల్లో కాపురం పెట్టినట్టు. 2020 అక్టోబర్ 13 రాత్రి ఎల్బీనగర్, సరూర్‌నగర్ వైపు పడిన వానకి ఏమైందో ఇక్కడున్నవాళ్ళెవరూ మర్చిపోలేరు. కింది అంతస్తులు మునిగి, వీధుల్లో పడవలు తిరిగాయి. ఇలియట్ కథలో వాన వచ్చి బీటలు పూడినట్టే.

అసలు ఈ నగరం నీళ్ళకి భయపడే నీళ్ళు సంపాదించుకుంది. 1908 సెప్టెంబర్ 28 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో వచ్చినవే 1920 నాటి ఉస్మాన్‌సాగర్, 1927 నాటి హిమాయత్‌సాగర్. వరద ఆపడానికి కట్టినవి దాహం తీర్చాయి. తర్వాత అవీ చాలక, 2004లో నాగార్జునసాగర్ నుంచి కృష్ణా నీళ్ళు తెచ్చారు. వంద కిలోమీటర్ల పైనుంచి ఎత్తిపోసుకుంటూ, రోజుకి 9 కోట్ల గ్యాలన్లు. 2008లో ఇంకో అంత, 2015లో మరో అంత. అవి ఊళ్ళోకొచ్చేదే మా వైపు నుంచి, సాహెబ్‌నగర్ మీదుగా. 2002లో బిందెలతో కొట్టుకున్న మేం, ఆ తర్వాత షవర్ల కింద పాటలు పాడుకున్నాం.

అంటే మనది పాచి దారీ కాదు, ఎలుక దారీ కాదు. దూరం నుంచి తెచ్చుకునే దారి. అది తప్పనను. ఆ నీళ్ళే లేకపోతే ఇక్కడ ఇన్ని లక్షల మంది ఉండలేరు. కానీ తెచ్చుకునేవాడికి ఎండిపోవటం చేతకాదు, లెక్క చూసుకోవటమూ రాదు. సాగర్‌లో మట్టం తగ్గిన ఏడాది మన దగ్గర రెండు విద్యల్లో ఏదీ ఉండదు. ఇక బోరంటారా, అది తాతల నాటి ఫిక్స్‌డ్ డిపాజిట్. కొత్త బోరు లోతుగా వేద్దామన్న పార్టీ నిజానికి అడుగుతున్నది, పక్కవాడికంటే ముందు ఆ డిపాజిట్ విరగ్గొడదామని.

తర్వాతి మీటింగ్‌లో నేను నోరు తెరిచి ఎలుక పార్టీ వైపు మాట్లాడాను. 60 రాబడి, 60 ఖర్చు లెక్క చెప్తే మా ట్రెజరర్‌గారు నన్ను విచిత్రంగా చూశారు. ఇంకుడు గుంతకి మాత్రం అందరూ ఒప్పుకున్నారు, జూన్ లోపు తవ్వించాం. ఫ్లాటుకో మీటర్ సంగతి మాత్రం ఇంకా గొడవలోనే ఉంది. నాలుగో అంతస్తులో కార్లు కడిగించుకునే పెద్దమనిషి సంతకం పెట్టడం లేదు.

చివరికి

ధైర్యం కూడదీసుకుని కల్వకుర్తి వాడికి ఫోన్ చేశాను. ఎప్పుడో పెళ్ళిళ్ళలో కలవటమే తప్ప మాట్లాడుకుని చాలా కాలమైంది. ఎరువుల దుకాణం నడుపుతున్నాడు, బానే ఉన్నాడు. "వాడి జీవితం పాడైంది" అని నేను అనుకోవటం కూడా నా ఐటీ పొగరే అని అర్థమైంది. పాచి కథంతా చెప్పి, సారీ రా అన్నాను. కాసేపు నవ్వాడు.

"నువ్వు ఫోన్ చేసుడు తప్పు కాదు రా. ఎవ్వడూ చెయ్యలే, నువ్వొక్కనివే చేసినవ్. కానీ ప్రతిసారి 'పక్కా' అన్నవ్ చూడు, గది తప్పు. యాభై పోస్టులకి పదివేల మంది వస్తున్నరు అని చెప్పుంటే, వచ్చుడో ఉండుడో నేనే చూసుకుందును."

అంతే. పాచి కంటే మనిషికి ఉన్న సౌకర్యం ఇదొక్కటే అనిపించింది. చినుకు పడగానే లేవాలా వద్దా అని పాచి ఎంచుకోలేదు. తడి తగిలితే లేస్తుంది, అంతే. మనిషి ఎంచుకోగలడు, కానీ ఎన్ని మిల్లీమీటర్ల వానో ఎవరైనా నిజం చెప్పాలి.

2023 నుంచీ మళ్ళీ లేఆఫ్‌ల రోజులు చూస్తున్నాం. మెట్రోలో ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేట వెళ్తుంటే, దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కే కుర్రాళ్ళ మొహాల్లో 2002 కనపడుతుంది. వాళ్ళలో ఎలుకలున్నారు, పాచిలున్నారు. ఇద్దరిలో ఎవర్నీ పిరికివాడనో పిసినారి అనో అనకండి, రెండూ కోట్ల ఏళ్ళుగా పనిచేస్తున్న పద్ధతులే. మనలాంటి ఉద్యోగం ఉన్నవాళ్ళం చేయగలిగింది చిన్నది. వాట్సాప్‌లో "అర్జెంట్ ఓపెనింగ్" అని ఫార్వర్డ్ చేసేముందు అది నిజంగా ఉందా, ఎన్ని పోస్టులు, రిఫరల్ ఇస్తే ఎవరైనా చూస్తారా అని ఒక్క ఫోన్ చేసి కనుక్కోండి. కనుక్కున్నది ఉన్నదున్నట్టు చెప్పండి. వీలైతే రానూపోనూ ఛార్జీలు మీరే పెట్టుకోండి.

అన్నట్టు, మా ఇంటర్ కుర్రాడికి జవాబు బాకీ ఉంది కదా. ఇదంతా చెప్పాను, ఓపిగ్గా విన్నాడు. "అయితే అంకుల్, రెండిట్లో ఎవరు గ్రేటో మీరు చెప్పనే లేదు" అన్నాడు. నిజమే, చెప్పలేదు. జూన్ రెండో వారంలో మంచి వాన పడింది, రాత్రంతా. పొద్దున్నే వాడే వచ్చి తలుపు కొట్టి టెర్రస్ మీదికి లాక్కెళ్ళాడు. పిట్టగోడ మొత్తం పచ్చగా ఉంది. కింద ఇంకుడు గుంతలోకి నీళ్ళు దిగుతున్న చప్పుడు వినపడుతోంది. ఇద్దరం కాసేపు అలాగే నించున్నాం.